యంత్రమునకు నాదము నేర్పిన భాషలు

నూజివీడు పేరు చెప్పగానే ఎవరికైనను మొదట జ్ఞప్తికి వచ్చునది మామిడిపండు. చిన్నరసము, పెద్దరసము, బంగినపల్లి మొదలగు ఫలములవలన ఆ సీమకు వచ్చిన కీర్తి మీ రెఱుగనిది గాదు. సంగీత మెఱిగినవారికి మాత్రము ఆ పేరుతో మఱొకటి కూడ తోచును. అది నూజివీడు వీణ. పనసకఱ్ఱను తొలిచి కుండను, దండిని దిద్ది, మైనముపై 24 మెట్లు నిలిపి, ఒక్కొక్క మెట్టును చెవితో సరిచూచి ఒప్పగించు పనివారు ఆ యూర నున్నారు. ఇక మూడవది క్రొత్తది. 2008వ సంవత్సరమున రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము నూజివీడున నొక విద్యాస్థానమును నెలకొల్పెను. జనులు దానిని ట్రిపుల్ ఐటీ యందురు. పదవతరగతి ముగించిన పల్లెటూరి బాలబాలికలు అచట చేరి ఆఱేండ్లు చదివి, కంప్యూటరునకు పని చెప్పు విద్యను గూడ నేర్చుచున్నారు.

ఒకచోట వీణకు మెట్లు కట్టుదురు. మఱొకచోట యంత్రమునకు ఆజ్ఞలు వ్రాయుట నేర్తురు. ఈ రెండు పనులకును పొత్తు కలదని చెప్పినచో కొందఱు నవ్వవచ్చును. కాని దాదాపు ఏడు దశాబ్దములుగా లోకమున కొందఱు విద్వాంసులు యంత్రముచేత పాడించుటకును, వాయించుటకును ప్రత్యేకముగా భాషలను నిర్మించుచున్నారు. ఆ భాషల చరిత్రను క్లుప్తముగా చెప్పి, అందు మనము చేయవలసిన పని యేదియో విచారించుట నేటి ప్రసంగమునకు విషయము.

మొదట నాదమునకును, అంకెకును గల సంబంధమును తెలిసికొనవలెను. తంత్రిని మీటినప్పుడు అది వణకును. ఆ వణకు గాలిని ముందునకు నెట్టుచు, వెనుకకు లాగుచు మన చెవి వఱకు వచ్చును. గాలి యొత్తిడి ఏ క్షణమున నెంత హెచ్చెనో, ఎంత తగ్గెనో కొలిచి వరుసగా వ్రాసినచో, ఆ యంకెల పట్టికయే ఆ నాదమునకు చిత్తరువు. మనము పాటలు వినెడి కాంపాక్టు డిస్కులో ఒక్క సెకనునకు 44,100 అంకెలుండును. పాట నుండి అంకెలు పుట్టినట్లే, అంకెల నుండి పాటను తిరిగి పుట్టింపవచ్చును. ఆ వరుసను విద్యుత్తుగా మార్చి స్పీకరునకు పంపినచో అది పలుకును. అట్లయినచో తంత్రియు, కుండయు లేకుండగనే, కేవలము లెక్కచేసిన యంకెల వలన నాదము కలుగవలెను గదా! కలుగును. కాని ఒక్క సెకను నాదమునకు నలువదినాలుగువేల యంకెలను చేతితో లెక్కించి వ్రాయువాడెవ్వడు? ఆ పనిని యంత్రమునకు అప్పగింపవలెను. అప్పగించుటకు దానితో మాటలాడు భాష కావలెను.

యంత్రమున కర్థమగునవి రెండే గుర్తులు. ఛందస్సు చదివిన మీకు ఇది వింత గాదు. గురువు, లఘువు అను రెండే గుర్తులను మూడేసి స్థానములలో నిలిపినచో ఎనిమిది గణములు వచ్చును. వానితో వృత్తపద్యములు నడచును. యంత్రము కూడ అట్లే రెండు గుర్తులను పెక్కు స్థానములలో నిలిపి, వానితో సంఖ్యలను, అక్షరములను, నాదమును మోయుచున్నది. అయితే మనుష్యుడు ఆ రెండు గుర్తులతో నేరుగా వ్రాయజాలడు. కనుక అతడు తనకు వీలైన మాటలతో విధిని వ్రాయును. ఆ మాటలను యంత్రపు గుర్తులుగా మార్చుటకు నడుమ నొక ఏర్పాటుండును. ఆ మాటల కట్టడినే ప్రోగ్రామింగు భాష యందురు.

సంగీతమును లెక్కకు లోబఱచుట మనవారికి క్రొత్త గాదు. 13వ శతాబ్దమున దేవగిరి యాదవరాజగు సింఘణుని ఆశ్రయమున నున్న శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమును రచించెను. అందు స్వరప్రస్తారమను ప్రకరణము కలదు. మూడు స్వరములను వరుసలు మార్చిన 6 విధములు, నాలుగింటిని మార్చిన 24 విధములు, ఏడింటిని మార్చిన 5,040 విధములు వచ్చును. ఈ 5,040 వరుసలను వ్రాసికొని కూర్చుండ నక్కఱలేకయే, ఫలానా సంఖ్యగల వరుస యేదియో చెప్పుటకు నష్టమను విధిని, ఫలానా వరుస ఎన్నవదియో చెప్పుటకు ఉద్దిష్టమను విధిని, రెంటికిని సాధనముగా ఖండమేరువను పట్టికను అతడు చూపెను. ఆ గ్రంథమునకు సంగీతసుధాకరమను వ్యాఖ్యను మన రాచకొండ నేలిన రేచర్ల సింగభూపాలుడు రచించెనని ప్రసిద్ధి. రాజ్యభారము వహించిన తెలుగుదొర స్వరముల లెక్కకు వ్యాఖ్య వ్రాయుటకు తీరిక చేసికొనెనన్న మాట.

తరువాత తంజావూరి నేలిన తెలుగు నాయకరాజులలో విజయరాఘవుని కాలమున, అనగా 17వ శతాబ్దమున, వేంకటమఖి చతుర్దండిప్రకాశికను వ్రాసి 72 మేళములను నిర్ణయించెను. లెక్క మిక్కిలి తేలిక. షడ్జమ పంచమములు కదలనివి. రిషభ గాంధారముల జంట 6 విధములు, దైవత నిషాదముల జంట 6 విధములు, ఆఱాఱుల 36. మధ్యమము రెండు విధములు గనుక 72. తరువాతివారు కటపయాది సంఖ్య ననుసరించి మేళములకు పేరులు కుదిర్చిరి. ధీరశంకరాభరణమన్నచో ధకారము 9, రకారము 2; త్రిప్పి చదివిన 29. ఆఱేసి మేళముల కొక చక్రముగా పంచినచో 29వది అయిదవ చక్రమున అయిదవ మేళము. కనుక రిగలలో అయిదవ జంట, దనిలలో అయిదవ జంట, 36కు లోపలిది గనుక శుద్ధమధ్యమము. పేరు విన్నంతనే స్వరములు చేతికి వచ్చినవి. ఇచ్చిన సంఖ్య నుండి క్రమము తప్పక ఫలమును రాబట్టు ఇట్టి విధినే నేటివారు యంత్రమునకు వ్రాసి యిచ్చుచున్నారు.

అయినను మన పూర్వుల లెక్క స్వరముల పేరులతో ఆగిపోయినది. నాదమును పుట్టించు భారము వీణది, కంఠముది. యంత్రమునకు ఆ భారము కూడ అప్పగింపవచ్చునను ఊహకు దగ్గఱగా వచ్చినది ఆంగ్లదేశపు విదుషి అడా లవ్‌లేస్. చార్లెస్ బాబేజి సంకల్పించిన గణనయంత్రమును గుఱించి 1843లో ప్రకటించిన వ్యాఖ్యలలో, స్వరముల పరస్పర సంబంధములను ఆ యంత్రమున కనువగు రూపమున చెప్పగలిగినచో, అది యెంతటి చిక్కైన సంగీతమునైనను కూర్చగలదని ఆమె వ్రాసెను. ఆ యంత్రము పూర్తిగాక మునుపే బాబేజి కాలము చేసెను. ఊహ మాత్రము నిలిచినది.

అది కార్యరూపము ధరించుట 1957లో జరిగినది. అమెరికాలోని బెల్ టెలిఫోను ప్రయోగశాలలో మాక్స్ మాథ్యూస్ అను ఇంజనీరు టెలిఫోనులో మానవకంఠమును అంకెలుగా మార్చు విషయమున పని చేయుచుండెను. ఆయన వయొలిను వాయించువాడు కూడ. కంఠమును అంకెలుగా మార్చగలిగినప్పుడు, అంకెల నుండి సంగీతమును పుట్టింపరాదా యని ఆయనకు తోచెను. మ్యూజిక్ అను పేరుతో ఒక ప్రోగ్రామును వ్రాసి, ఐబీఎం 704 అను యంత్రమున నడపెను. న్యూమన్ గట్‌మన్ కూర్చిన 17 సెకనుల పాట దానివలన వినవచ్చినది. నాడు ఆ యంత్రము ఒక గది యంత పెద్దది. పాట చూడబోయిన పదునేడు సెకనులు! కాని తంత్రి లేక, తోలు లేక, ఊదు గొట్టము లేక, లెక్క వలననే పుట్టిన పాట యది. 1961లో అదే ప్రయోగశాలవారు యంత్రముచేత ఒక ఆంగ్లగీతమును మాటలతో సహా పాడించిరి.

మాథ్యూస్ మొదటి ప్రయత్నముతో తృప్తిపడలేదు. 1960లో మూడవ మ్యూజిక్ ప్రోగ్రామును వ్రాయునాటికి ఒక గొప్ప ఉపాయమును కనిపెట్టెను. కంపమును పుట్టించునది యొకటి, దానిని హెచ్చించి తగ్గించునది యొకటి, రెంటిని కలుపునది యొకటి, ఇట్లు చిన్నచిన్న అంగములను ముందుగా సిద్ధముచేసి యుంచెను. వానిని తనకు వలసినట్లు జోడించుకొని వాద్యమును కట్టుకొనుట పాట కూర్చువాని పని. వీణకు కుండ, దండి, గుఱ్ఱము, బిరడలు, మెట్లు వేఱువేఱుగా తయారుచేసి అమర్చుట వంటిదే యిది. ఆ భాషలో వ్రాత రెండు భాగములుగా నుండును. మొదటి భాగము వాద్యమెట్టిదో చెప్పును. రెండవ భాగము ఏ స్వరము ఎప్పుడు మొదలై, ఎంతసేపు, ఎంత గట్టిగా పలుకవలెనో చెప్పును. మొదటిది నూజివీడు పనివాని పని. రెండవది వైణికుని పని. తరువాత వచ్చిన భాషలలో ననేకమునకు ఈ విభాగమే పునాది యైనది.

ఆ భాషల వంశము పెద్దది. ముఖ్యమైనవానిని మాత్రము చెప్పెదను. 1980ల నడుమ బ్యారీ వెర్కో అను ఆయన అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాలయమున సీసౌండ్ అను భాషను నిర్మించెను. ఇది నేటికిని వాడుకలో నున్నది. అదే దశాబ్దమున పారిస్ నగరమున మిల్లర్ పకెట్, మాథ్యూస్ గారి గౌరవార్థము మాక్స్ అను పేరుపెట్టి మఱొక సాధనము చేసెను. అందు ఆజ్ఞలను పంక్తులుగా వ్రాయ నవసరము లేదు. తెరపై గళ్లు గీసి వానిని గీతలతో కలిపినచో చాలును. 1996లో జేమ్స్ మెకార్ట్నీ సూపర్‌కొలైడర్ అను భాషను వెలువరించెను. 2003లో ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయమున గె వాంగ్, పెరీ కుక్ అను గురుశిష్యులు చక్ అను భాషను ప్రకటించిరి. కాలమును ఖచ్చితముగా చెప్పుట అందలి విశేషము. తాళము తప్పిన పాట పాట కాదని వారును గ్రహించిరన్న మాట. 2012లో శామ్ ఏరన్ అను ఆయన ఆంగ్లదేశపు కేంబ్రిడ్జిలో బడిపిల్లల కొఱకు సోనిక్ పై అను భాషను చేసెను. నాలుగు పంక్తులు వ్రాసినచో పిల్లవానికి ఒక స్వరపంక్తి వినవచ్చును. ఒకప్పుడు గదియంత యంత్రము కావలసిన పని నేడు పుస్తకమంత యంత్రముతో నగుచున్నది. పైన చెప్పినవానిలో పెక్కు భాషలను వెల యీయకయే తెచ్చుకొనవచ్చును.

భాష యుండగానే మంచి నాదము వచ్చునా? రాదు. ఈ చరిత్రలో మిక్కిలి బోధకరమైన భాగమిదియే. 1960లలో జాన్ క్లాడ్ రిస్సే అను ఫ్రెంచి విద్వాంసుడు మాథ్యూస్ చెంత చేరి, యంత్రముచేత బాకానాదమును పలికింప యత్నించెను. పుస్తకములలో వ్రాసియున్న లెక్కల ప్రకారము చేసిన బాకా నిర్జీవముగా నుండెను. అప్పుడాయన నిజమైన బాకానాదమును క్షణక్షణమునకు పరీక్షించి, నాదము గట్టిపడిన కొలది పై యనుస్వనములు మఱింత బలపడునని కనుగొనెను. ఆ యొక్క మాట యంత్రమునకు చెప్పినంతనే బాకా బాకావలె పలికెను. 1967లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున జాన్ చౌనింగ్ అను ఆయన స్వరమునకు కంపితమును కూర్చుచు, ఆ వణకును అంతకంతకు వేగిరపఱచెను. ఒక మేరకు మించినంతనే చెవికి వణకు వినబడుట మాని, నాదమునకు క్రొత్తరంగు వచ్చినట్లు వినబడెను. 1983లో జపానుదేశపు యమహావారు వెలువరించిన డీఎక్స్7 అను వాద్యమునకు ఆ సూత్రమే ఆధారము. యంత్రమునకు ఏది చెప్పవలెనో ఈ యిద్దఱికిని చెవియే నేర్పినది.

తంత్రీవాద్యమునకు వత్తము. 1983లో కెవిన్ కార్‌ప్లస్, అలెక్స్ స్ట్రాంగ్ అను నిరువురు తంత్రిని మీటిన నాదమునకు ఒక ఆశ్చర్యకరమైన విధిని ప్రకటించిరి. ఒక పలకపై 100 అంకెలను ఇష్టము వచ్చినట్లు వరుసగా వ్రాయుడు. మొదటి యంకెను యంత్రముచేత పలికించి తుడిచివేయుడు. తుడుచునపుడు దానిని ప్రక్క యంకెతో కూడి, సగము చేసి, వచ్చినదానిని వరుస చివర చేర్చుడు. ఇట్లే ఆపక చేయుడు. సెకనునకు 44,100 అంకెల చొప్పున పలికించినచో, ఆ వరుస సెకనునకు ఇంచుమించు 440 మాఱులు తిరిగి వచ్చి ఒక నిలుకడగల స్వరముగా వినబడును. సగటులు తీయుటచే కఱకుదనము క్రమముగా పోయి, మీటిన తంత్రి మ్రోగి మ్రోగి సన్నగిల్లినట్లుండును. 100కు మాఱుగా 50 అంకెలే వ్రాసినచో అదే స్వరము పై స్థాయిలో పలుకును. వీణ పండ్రెండవ మెట్టున నొక్కినప్పుడు తంత్రి సగమై తారాషడ్జము పలుకుట లేదా? అదియే యిది. కూడికయు, సగము చేయుటయు నేర్చిన బాలుడు గ్రహింపదగిన లెక్క!

అయినను ఈ విధి వలన వచ్చునది ఏదియో యొక తంత్రి; వీణ మాత్రము కాదు. ఏల కాదో బాల్యమున విశాఖపట్టణమున చదువుకొన్న సర్ సి. వి. రామన్ గారు 1921లోనే చూపిరి. తంత్రిని ఏ బిందువున మీటుదుమో, ఆ బిందువు ఏ యనుస్వనమునకు కదలని చోటగునో, ఆ యనుస్వనము వినబడదని పాశ్చాత్యుల సూత్రము. తంబురయందును, వీణయందును ఆ యనుస్వనము కూడ స్పష్టముగా వినబడుచున్నదని రామన్ గారు కనుగొనిరి. కారణము గుఱ్ఱము. వయొలిను గుఱ్ఱము కత్తివాదరవలె సన్నము. మన వీణ గుఱ్ఱము వెడల్పుగా, మెల్లని వంపుతో నుండును. తంత్రి వణకునప్పుడు ఆ వంపును తాకుచు, విడుచుచుండును. నాదము నిండుగా నుండుట కిదియే హేతువు. తంబుర గుఱ్ఱముపై నూలుపోగును జరుపుటలోని రహస్యము కూడ నిదియే. కనుక యంత్రముచేత వీణను పలికింపగోరువాడు ఆ వంపును లెక్కలో చేర్పవలెను. ఆ వంపు ఎంత యుండవలెనో వీణ చేయువాని చేతికి తెలియును.

వాద్యము సంగతి యట్లుండ, పాట సంగతి ఇంకను కష్టమైనది. 1983లో పలువురు వాద్యయంత్ర నిర్మాతలు చేరి మిడి అను ఒక ఏర్పాటు చేసికొనిరి. ఒక యంత్రము మఱొక యంత్రమునకు స్వరములను తెలుపు లిపి యది. అందు స్వరములకు 0 మొదలు 127 వఱకు సంఖ్యలు. 60 అనగా పియానో నడిమి మెట్టు. 61 అనగా దాని ప్రక్క మెట్టు. మెట్టు నొక్కుట, విడుచుట, ఎంత గట్టిగా నొక్కితివని చెప్పుట, ఇవి ఆ లిపికి ప్రధానములు. పియానో వాయించు దేశమున కది చాలును. మెట్టునకును, మెట్టునకును నడుమ స్వరమును వంచుటకు అందు ఏర్పాటు లేకపోలేదు గాని, అది అనుబంధము వంటిది.

మనకు నడుమ నున్నదియే ప్రధానము. తోడిలోని గాంధారము ఒక చోట నిలువదు. రిషభ మధ్యమముల నడుమ ఊయెలవలె ఊగును. ఆ ఊపును తీసివేసి గాంధారపు మెట్టును మాత్రము నొక్కినచో స్వరము సరియే, రాగము మాత్రము తోడి గాదు. కార్బైడు వేసి మగ్గించిన కాయకు రంగు వచ్చును. గడ్డిలో మాగిన పండు రుచి రాదు. వీణలో వైణికుడు తంత్రిని మెట్టుమీదనే ప్రక్కకు లాగి, బిగువు హెచ్చించి పై స్వరములను పలికించును. కాకినాడలో జన్మించిన చిట్టిబాబు గారు వీణపై కోకిల కూతను పలికించినది మెట్ల లెక్కతో గాదు, ఆ లాగుటలోని నేర్పుతో. గమకము పలుకదన్న కారణముననే 1940లో ఆల్ ఇండియా రేడియో హార్మోనియమును ప్రసారముల నుండి తొలగించెను. 1971లో గాని ఆ నిషేధము కొంత సడలలేదు. ఆ నిర్ణయము సరియా కాదా యను వాదము అటుండ, దాని వెనుకనున్న ప్రశ్న నేడు యంత్రము విషయమున మరల వచ్చినది.

నేటి భాషలకు గమకము చెప్పుట చేతకాదా? చేతనగును. సీసౌండు, సూపర్‌కొలైడరు మొదలగు భాషలలో స్వరపు ఎత్తును క్షణక్షణమునకు మార్చుమని ఆజ్ఞాపింపవచ్చును. 60కిని 61కిని నడుమ భిన్నములను వ్రాయవచ్చును. భాషలో లోపము లేదు. ఎట్లు మార్చవలెనో చెప్పువాడు కావలెను. ఏ రాగమున, ఏ స్వరము, ఎంత మేరకు, ఎన్ని మాఱులు, ఏ వేగమున ఊగవలెనో యంత్రమునకు తనంత తెలియదు.

ఈ చెప్పుటకు మనవారు పూర్వమే లిపిని కల్పించిరి. 1550లో రామామాత్యుడు స్వరమేళకళానిధిలో వీణకు మెట్లు నిలుపు క్రమమును విధించెను. అది వాద్యమునకు సంబంధించిన విధి. 1609లో సోమనాథుడు రాగవిబోధమున, వీణపై తంత్రిని మీటుట, లాగుట, జార్చుట మొదలగు చేతిపనులకు వేఱువేఱు గుర్తులను కల్పించి, రాగరూపములను ఆ గుర్తులతో వ్రాసి చూపెను. పలికిన స్వరమును వ్రాయుటతో తృప్తి నొందక, పలికించు విధమును వ్రాసినాడు. నాలుగువందల యేండ్ల క్రిందట ఇది సామాన్యమైన పని గాదు.

అటుపిమ్మట ఈ మార్గమున మహాకార్యము చేసినవారు సుబ్బరామ దీక్షితులు గారు. ముత్తుస్వామి దీక్షితుల వంశమువారు. 1839లో జన్మించి 1906లో పరమపదించిరి. ఏ. ఎం. చిన్నస్వామి మొదలియారు గారి ప్రోద్బలముతోను, ఎట్టయాపురపు జమీందారు ఆదరణముతోను 1904లో సంగీత సంప్రదాయ ప్రదర్శినిని ప్రకటించిరి. అరవదేశమున అచ్చయిన ఆ బృహద్గ్రంథము తెలుగు భాషలో, తెలుగు లిపిలో నున్నది. కంపితమునకు అలవంటి వంకరగీత. పైకి ప్రాకు జారునకు ఒక ఏటవాలు గీత. క్రిందికి దిగు జారునకు దాని కెదురు గీత. ఇట్లు ఒక్కొక్క గమకమునకు ఒక్కొక్క గుర్తును స్వరాక్షరముల పైన నిలిపిరి. దీక్షితకీర్తనలు నేడు మనకు ఇంత శుద్ధముగా దక్కుటకు ఆ గుర్తులు గొప్ప ఆధారము. నేటి యంత్రభాష కోరు వివరము కూడ అట్టిదే. ఇరువదవ శతాబ్దపు మొదట తెలుగక్షరములపై నిలిచిన గీతను, ఇరువదియొకటవ శతాబ్దమున సంఖ్యలుగా మార్చి యంత్రమునకు చెప్పుటయే మిగిలిన పని.

ఆ పని మొదలైనది కూడ. చెన్నపట్టణమున ఎం. సుబ్రహ్మణ్యం గారు గాయక అను సాఫ్టువేరును రచించిరి. స రి గ మ అని వ్రాసి, గమకములను కూడ వివరముగా వ్రాసి యిచ్చినచో అది కర్ణాటక సంగీతరీతిని పలుకును. స్పెయినుదేశపు బార్సిలోనాలో ఒక విశ్వవిద్యాలయమువారు మన మద్రాసు ఐ.ఐ.టి. పండితులతో కలిసి కర్ణాటక సంగీతపు స్వరగతులను యంత్రములతో కొలిచి పరిశోధించిరి. ఇవి మంచి యారంభములు. కాని మన తెలుగుపల్లెల తత్వములు, హరికథలు, యక్షగానములు, భజనకీర్తనలు, పొలముపాటలు ఉన్నవి. వాని గమకములు ఏ గ్రంథమునకును ఎక్కలేదు. వానికి సుబ్బరామ దీక్షితులు లేరు. అవి వృద్ధుల కంఠములలో మాత్రమున్నవి.

యంత్రము వచ్చినచో విద్య చెడునని కొందఱు పెద్దలు భయపడుదురు. ఆ భయము నిష్కారణము గాదు. చవుకగా దొరకు నాదము చెవిని చెఱచును. మెట్టుస్వరములనే వినుచు పెరిగిన బాలునకు తోడి గాంధారపు ఊపు తప్పుగా తోచు దినము రావచ్చును. వీణను కొనువారు తగ్గినచో వీణ చేయు చేతులు వేఱుపని చూచుకొనును. ఆ చేతులతో గుఱ్ఱపు వంపు కూడ పోవును. కాని యంత్రమును దూరముగా నుంచిన మాత్రమున ఈ కీడు తప్పదు. యంత్రము మన యిండ్లలోనికి వచ్చియే యున్నది. అది మన పాటను ఎవరు చెప్పినట్లు పలుకవలెనన్నదే యిప్పుడు తేలవలసిన సంగతి. తెలిసినవారు చెప్పనిచో తెలియనివారు చెప్పుదురు. యంత్రము వారు చెప్పినట్లే పలుకును. రిస్సే బాకా విషయమున ఏమి జరిగెనో విన్నారు గదా! పుస్తకపు లెక్క చాలలేదు. వినిన చెవి వచ్చి సరిదిద్దవలసి వచ్చినది. మన పాటకు ఆ చెవి మనదే కావలెను.

కనుక గ్రామములలోని పెద్దలకు నా మనవి యిది. మీ మనుమడో, మనుమరాలో కంప్యూటరు విద్య చదువుచున్నచో, సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు మీకు వచ్చిన పాటను వారియెదుట పాడుడు. ఒక్కమాఱు పాడి యూరకుండక, కంఠము ఎచ్చట వణకవలెనో, ఎచ్చట జారవలెనో, ఎచ్చట నిలువవలెనో విడమఱిచి చెప్పుడు. వారు దానిని తమ యంత్రముచేత పలికించి వినిపించినప్పుడు ముఖము త్రిప్పుకొనక, తప్పు ఏ చోట నున్నదో చూపుడు. చదువుకొను పిల్లలకును ఒక మాట. నూజివీడున చదువువారు ఒక్క పూట వీణలు చేయువారి యెదుట కూర్చుండి, మైనము కరగించి మెట్టును వెండ్రుకవాసి జరిపి చెవి యొగ్గి వినుట చూడవలెను. ఆ వెండ్రుకవాసి యెంతయో కొలిచి వ్రాసికొనవలెను. వారి భాషలో మొదటి భాగమునకు కావలసిన పాఠము అచట నున్నది. రెండవ భాగమునకు కావలసిన పాఠము తాతల నోట నున్నది.

శార్ఙ్గదేవుడు ప్రస్తారమును, వేంకటమఖి మేళములను, సోమనాథుడు చేతిగుర్తులను, సుబ్బరామ దీక్షితులు గమకరేఖలను తమ తమ కాలములకు దొరకిన సాధనముతో వ్రాసి మన కప్పగించిరి. తాటియాకు దొరకినవారు తాటియాకుపై వ్రాసిరి. అచ్చుయంత్రము దొరకినవారు అచ్చు వేయించిరి. నేటి పిల్లలకు దొరకిన సాధనము వేఱు. దానిపై వ్రాయవలసిన విషయమును వారికి అందించుట పెద్దలమైన మన విధి. సెలవు.